సీపీసీ ప్రిపరేషన్: ఎండోస్కోపీ కోడ్లలో నా మార్కులు ఎక్కడ పోయాయంటే

సీపీసీకి, అంటే డాక్టర్లు చేసిన పనికి బిల్లింగ్ కోడ్లు వేసే మెడికల్ కోడింగ్ సర్టిఫికేషన్ పరీక్షకు చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. 100 ప్రశ్నలు, 4 గంటలు, పాసవ్వాలంటే 70 శాతం రావాలి. కోడ్ పుస్తకాలు దగ్గరే ఉంటాయి కదా అని డైజెస్టివ్ చాప్టర్‌ను తేలిగ్గా తీసుకున్నాను. మాక్ టెస్టుల్లో ఎక్కువ మార్కులు పోయింది అక్కడే.

ఒక ప్రశ్న బాగా గుర్తుంది. కొలనోస్కోపీలో (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చేసే పరీక్ష) అసెండింగ్ కోలన్ (పెద్దపేగు కుడివైపు భాగం)లోని పాలిప్‌ను కోల్డ్ స్నేర్ (కరెంటు వేడి వాడని వైర్ ఉచ్చు)‌తో తీశారు. సిగ్మాయిడ్‌లోని ఇంకో పాలిప్‌కు ఫోర్సెప్స్‌తో బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క తీయడం) చేశారు. 'కోల్డ్' అన్న మాట కనపడగానే బయాప్సీ కోడ్ 45380 ఒక్కటే పెట్టేసి ముందుకెళ్లిపోయాను. కోల్డ్ అంటే బయాప్సీయే అని బుర్రలో నాటుకుపోయింది మరి. స్నేర్ వాడితే కోల్డ్ అయినా హాట్ అయినా 45385యే. హాట్ అన్న మాటకు విలువ ఉండేది ఫోర్సెప్స్ దగ్గర: హాట్ ఫోర్సెప్స్‌తో పాలిప్ తీస్తే 45384. కాబట్టి సరైన జవాబు 45385, 45380-59. రెండూ వేర్వేరు పాలిప్‌లు కనుకనే ఆ 59 (ఇది విడి పని అని చెప్పే మోడిఫైయర్, అంటే కోడ్ చివర తగిలించే గుర్తు). అదే పాలిప్‌కు బయాప్సీ చేసి, తర్వాత స్నేర్‌తో తీసేసి ఉంటే 45385 ఒక్కటే వస్తుంది. స్నేర్‌తో మూడు పాలిప్‌లు తీసినా ఆ కోడ్ ఒక్కసారే.

అప్పటి నుంచి రిపోర్టు చదివే పద్ధతి మార్చుకున్నాను. స్కోప్ ఎక్కడిదాకా వెళ్లిందో ముందు గీత గీస్తాను. తర్వాత ఒక్కో పాలిప్ పక్కన అది ఎక్కడుంది, దేనితో తీశారు అని రాసుకుంటాను. పైన హెడింగ్‌లో ఏం రాసి ఉన్నా, కింద వివరంగా రాసిందే లెక్క. ఈ అలవాటుకు టైమ్ పడుతుందని భయపడకండి, వారం తిరిగేసరికి చేయి అలవాటు పడుతుంది.

సర్జికల్ కోడ్ వేశాక డయాగ్నస్టిక్ 45378ని దానికి జత చేయకండి. పాలిప్ తీస్తుంటే వచ్చిన రక్తస్రావాన్ని ఆపడం కూడా విడిగా రాదు. ఆప్షన్లలో 45382 కనిపించి ఊరిస్తుంది, పడిపోవద్దు. స్క్రీనింగ్‌కు వచ్చిన పేషెంట్‌కు పాలిప్ దొరికినా మొదటి డయాగ్నసిస్ జెడ్12.11యే (పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ కోడ్), పాలిప్ కోడ్ ఆ తర్వాత. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) అయితే పీటీ మోడిఫైయర్, ప్రైవేట్ ఇన్సూరెన్స్ అయితే సాధారణంగా 33.

నన్ను చివరిదాకా టెన్షన్ పెట్టింది మాత్రం సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే చోటు) దాకా వెళ్లలేని కొలనోస్కోపీ. పూర్తి కొలనోస్కోపీ కోసమని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, డయాగ్నస్టిక్, స్క్రీనింగ్‌లకు 53 మోడిఫైయర్. పాలిప్ తీయడం లాంటి చికిత్స జరిగి ఉంటే ఆ చికిత్స కోడ్‌కు 52. ఎన్నిసార్లు చదివినా తారుమారయ్యేది. చివరికి ఈ కోడ్లుండే సీపీటీ పుస్తకంలో కొలనోస్కోపీ గైడ్‌లైన్స్ పక్కన పెన్సిల్‌తో 'చూశారు 53, చేశారు 52' అని రాసుకున్నాను. పరీక్ష రోజు కూడా ఆ పేజీ తిప్పాను.