మందు ఇచ్చాక మొదలయ్యే పని

ఫార్మసిస్టులను ప్రాథమిక వైద్యంలో కలుపుకోవాలి అనగానే మాట చాలాసార్లు షాపులో వేరే గది, బీపీ మిషను, టీకాల ఫ్రిజ్ మీదికి పోతుంది. అవన్నీ కావలసినవే. కానీ వాటితో మొదలుపెడితే పని తొందరగా చతికిలపడుతుంది. షాపులో ఒకాయనకు బీపీ 168/102 వచ్చిందనుకోండి. ఆ అంకె ఎవరికి చేరాలి, ఎప్పటిలోగా చేరాలి, అందిందని తిరిగి ఎవరు చెప్పాలి? ఇది ముందే తేల్చుకోకపోతే "డాక్టరుగారికి చూపించండి" అని చేతిలో చీటీ పెట్టడంతో కథ ముగుస్తుంది. ఆ చీటీ జేబులోనే నలిగిపోతుంది. సేవలు ఎన్నైనా తర్వాత చేర్చుకోవచ్చు. కబురు వెళ్లే దారి, జవాబు తిరిగొచ్చే దారి ముందు వేసుకోవాలి.

దీనికి గట్టి ఆధారం 2018లో లాస్ ఏంజెలిస్‌లో వచ్చింది. అక్కడ 52 క్షౌరశాలల్లో, బీపీ అదుపులో లేని నల్లజాతి మగవారి మీద ఒక పరిశోధన జరిగింది. కొన్ని షాపుల్లో క్షురకులు ఆహారం, అలవాట్ల గురించి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నారు. మిగతా షాపులకు ఫార్మసిస్టులే వెళ్లారు. డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం మందు మొదలుపెట్టారు, మోతాదు మార్చారు, ప్రతిసారీ ఏం చేశారో ఆ రోగి డాక్టరుకు రాసి పంపారు. ఆరు నెలలకు మొదటి రకం షాపుల్లో పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గింది, రెండో రకంలో 27. సలహా రెండు చోట్లా అందింది. మందు మార్చే అధికారం, డాక్టరుతో రాతపూర్వక సంబంధం ఒక్క చోటే ఉన్నాయి.

ఇక ఫార్మసిస్టుకు మాత్రమే కనిపించేవి కొన్ని ఉంటాయి. గుండె డాక్టరు, కీళ్ల డాక్టరు, పళ్ల డాక్టరు ఒకే మనిషికి విడివిడిగా రాసిన చీటీలన్నీ చాలాసార్లు మందుల షాపులోనే కలుస్తాయి. రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర, దానితో ఒంట్లో నీరు తీసే మాత్ర వాడుతున్నవారికి మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ తోడైతే మూడూ కలిసి కిడ్నీల మీద పడతాయి. నీటి మాత్ర వల్ల రక్తం పరిమాణం తగ్గుతుంది, నొప్పి మాత్ర కిడ్నీ వడపోతకు రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, రామిప్రిల్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. వడపోతకు కావలసిన ఒత్తిడి అన్ని వైపులా పడిపోతుంది. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున ముప్పు ఇంకా పెరుగుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ వాడేవారికి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ కోర్సు అయ్యేదాకా సిమ్వాస్టాటిన్ ఆపించాలి. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. అందుకే వారంలో ఏ రోజున వేసుకోవాలో డబ్బా మీద పేరు పెట్టి రాయాలి.

వీటిని పట్టుకోవాలంటే నిజమైన మందుల జాబితా చేతిలో ఉండాలి. చీటీలు చూసి రాసుకుంటే సరిపోదు. ఇంట్లో ఉన్నవన్నీ ఒక సంచిలో వేసి తెమ్మనాలి: చుక్కల మందులు, ఇన్‌హేలర్లు, ఇంజెక్షన్లు, మూలికలు, చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్ళలు కూడా. కంపెనీ పేరు కాకుండా అసలు మందు పేరు రాయాలి. రెండు వేర్వేరు పేర్లతో ఒకే మందు రెట్టింపుగా మింగుతున్న సంగతి అప్పుడే బయటపడుతుంది. మోతాదు పక్కన "ఎలా వేసుకోమన్నారు" అన్నదీ, "నిజంగా ఎలా వేసుకుంటున్నారు" అన్నదీ వేర్వేరు గడుల్లో ఉండాలి. అలర్జీ అన్నప్పుడు ఏం జరిగిందో అడిగి రాయాలి. కడుపులో తిప్పడం వేరు, ఊపిరాడకపోవడం వేరు. మరోవైపు డాక్టరు నుంచి ఫార్మసిస్టుకు రావలసినవీ ఉన్నాయి: మందు ఎందుకు రాశారు, కిడ్నీ పరీక్ష తాజా ఫలితం ఎంత, బరువు ఎంత. ఇవి తెలియకుండా మోతాదు సరైనదో కాదో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

కొత్త మందు మొదలైన తొలి నెల మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. చాలామంది చెప్పాపెట్టకుండా మందు మానేసేది అప్పుడే. ఇంగ్లండ్‌లో 2011లో మొదలైన కొత్త మందుల సేవలో ఫార్మసిస్టు మందు ఇచ్చిన 7 నుంచి 14 రోజుల్లో ఒకసారి, ఆ తర్వాత మరో రెండు మూడు వారాలకు ఇంకోసారి రోగితో మాట్లాడతాడు. "మందు వేసుకుంటున్నారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "గత వారం ఎన్నిసార్లు తప్పింది?" అని అడగాలి. రామిప్రిల్‌తో పొడి దగ్గు, షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలు, బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్‌తో చీలమండల వాపు ఎదురుచూడవలసినవే. ఆ వాపు మందు వల్ల వచ్చిందని ఎవరూ గుర్తించకపోతే దానికి నీటి మాత్ర రాస్తారు, నీటి మాత్ర వల్ల ఇంకో ఇబ్బంది వస్తుంది. ఈ గొలుసు తెంచగలిగే మనిషి ఆ రెండో వారంలో ఫోన్ చేసేవాడే.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారం కూడా ఇలాంటిదే. అక్కడ ఆపేసిన మందు ఇంట్లో పాత డబ్బాలో ఇంకా ఉంటుంది. డిశ్చార్జి కాగితం షాపుకు కూడా చేరాలి, పాత జాబితాతో పోల్చాలి, ఆపిన మందు నెలనెలా ఇచ్చే వరుసలోంచి తీసేయాలి.

కబురు రాసే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ చాలా ప్రయత్నాలు పాడయ్యేది ఇక్కడే. కంప్యూటర్ చూపించే ప్రతి హెచ్చరికనూ డాక్టరుకు పంపితే కొన్నాళ్లకు ఆయన దేన్నీ చదవడు, అసలైనది వచ్చినప్పుడూ చదవడు. మూడు తరగతులు చాలు: ఈరోజే ఫోన్ చేయవలసినవి, రెండు రోజుల్లో రాతలో పంపవలసినవి, ఉత్తగా నమోదు చేసుకునేవి. రాసేది నాలుగు వాక్యాలు దాటకూడదు. "రామిప్రిల్, నీటి మాత్ర వాడుతున్నారు, డైక్లోఫెనాక్ కొత్తగా చేరింది. కిడ్నీకి ముప్పు. దాని బదులు పారాసిటమాల్ ఇచ్చి, వారంలో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడమని నా సూచన. శుక్రవారం రోగికి ఫోన్ చేస్తాను." కనుక్కున్నదేమిటి, దాని వల్ల నష్టమేమిటి, ఏం చేద్దాం, ఎవరు ఎప్పుడు చూస్తారు. చివరిది లేని కబురు గాలిలో కలిసిపోతుంది.

బీపీ చూసే పని పెట్టుకుంటే పద్ధతిగా చూడాలి. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి కూర్చోబెట్టాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి, మాటలు ఉండకూడదు. చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది, కాబట్టి రెండు మూడు సైజులు ఉంచుకోవాలి. 140/90 దాటితే ఒక్క రీడింగుతో జబ్బు అని తేల్చకుండా, ఇంట్లో వారం పాటు ఉదయం, సాయంత్రం రెండేసి రీడింగులు తీయించాలి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు పంపాలి. 180/120 చేరి, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసక, మాట తడబాటు లాంటివి ఉంటే సగటుల కోసం ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

చిన్న జబ్బులకు ఫార్మసిస్టే మందు ఇవ్వడం గురించి ఇంగ్లండ్ 2024 జనవరి 31న మొదలుపెట్టిన పథకం చూడదగ్గది. గొంతు నొప్పి, చెవి పోటు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటి ఏడింటికే పరిమితం. అందులో నాకు నచ్చేది ఎవరికి ఇవ్వకూడదో స్పష్టంగా గీసిన గీత. మూత్రంలో మంటకు 16 నుంచి 64 ఏళ్ల ఆడవారినే చూస్తారు. గర్భిణి అయినా, నడుము పక్కన నొప్పితో చలిజ్వరం ఉన్నా అక్కడ మందు ఇవ్వరు, డాక్టరు దగ్గరికి పంపుతారు. ఇంకో మంచి ఏర్పాటు, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా సంప్రదింపుకు రుసుము ఒకటే. డబ్బాకింత అని ఆదాయం వచ్చే చోట "ఈ మాత్ర మీకు అక్కర్లేదు" అనడం షాపుకు నష్టం. ఆ నష్టాన్ని తీర్చకుండా మంచి సలహా ఆశించడం అన్యాయం.

మనుషుల లెక్క కూడా చూసుకోవాలి. ఒక్క ఫార్మసిస్టే ఉన్న షాపులో ఆయన గదిలోకి వెళ్తే బయట వరుస ఆగిపోతుంది. మందులు తీసిపెట్టడానికి శిక్షణ పొందిన సహాయకులు ఉండాలి, సంప్రదింపులకు రద్దీ లేని గంటలు కేటాయించాలి. మొదటి మూడు నెలలు కొత్త మందుల ఫోన్లు ఒక్కటే నడిపితే చాలు. నెలకోసారి డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు అరగంట కూర్చుని జవాబు రాని కబుర్ల జాబితా చూసుకోవాలి. ఎన్ని బీపీలు చూశారన్నది కాదు, ఎక్కువ వచ్చినవారిలో ఎంతమందికి వైద్యం మొదలైందన్నది లెక్క రాయాలి.