గుహ ఇంట్లో అత్తయ్య అడిగిన ప్రశ్న

రోమ్, వెనిస్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అందం సంగతి అలా ఉంచితే జేబులు ఖాళీ అయ్యాయి. వెనిస్‌లో రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లు ఊళ్లో అడుగుపెట్టాలన్నా డబ్బు కట్టాలి, 2024 నుంచి. రెస్టారెంట్‌లో తిండి ఖర్చు వేరు, బల్ల ముందు కూర్చున్నందుకు తలకి మూడు యూరోలు వేరు. మేమేమో తొమ్మిది మందిమి! బావ రూపాయల్లో లెక్క కట్టబోతే అక్క కళ్లతోనే ఆపేసింది.

ఇటలీ దక్షిణాన గుహ ఇళ్లకి పేరుపడ్డ మతేరాకి వెళ్దామన్నది అక్కే. "గుహలే చూడాలంటే మన ఉండవల్లి లేదా?" అని బావ సణుగుడు. బారీ నగరం నుంచి అక్కడికి వెళ్లే చిన్న రైలు ఆదివారం తిరగదట, బదులు బస్సు వేశారు. కిటికీలు తెరుచుకోవు, ఏసీ అంతంత మాత్రం. దారి పొడవునా కోసేసిన గోధుమ చేలు, రాళ్ల గోడలు. దారిలో అల్తమూరా అనే ఊరు వచ్చేసరికి అందరం అక్క మీద కారాలు మిరియాలు నూరుతున్నాం.

మతేరాలో సాస్సి అంటే లోయ వాలులో తొలిచిన ఇళ్లు. కింది ఇంటి కప్పే పై ఇంటివాళ్లకి దారి. ఒక గుహని పాత కాపురం ఉన్నట్టే సర్ది, టికెట్ పెట్టి చూపిస్తున్నారు. ఎత్తయిన మంచం, దాని కింద కోళ్లు. బల్ల మధ్యలో ఒకటే పెద్ద పళ్లెం, ఇంటిల్లిపాదికీ అదే. లోపలి మూల కంచరగాడిద ఉండే చోటు. మేం ఫొటోల గొడవలో ఉంటే, అత్తయ్య గోడ మీద తేమని వేలితో తడిమి, "ఇందులో పసిపిల్లలు ఎంతమంది బతికారో అడుగు" అంది. చాలామంది పోయారనీ, మలేరియా కూడా ఉండేదనీ గైడ్ చెప్పాడు. 1952లో చట్టం చేసి, దాదాపు 15,000 మందిని కొత్త ఇళ్లకి తరలించారు. 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఖాళీ చేయించిన గుహల్లో ఇప్పుడు హోటళ్లు, అవి మన బడ్జెట్‌కి అందవు. మేం దిగింది స్పీనె బియాంకెలో, అప్పట్లో ఆ జనం కోసం కట్టిన పేటలోనే.

ఇంటాయన పెద్దమనిషి. ఆయన తల్లి గుహలోంచి వచ్చినావిడే. కొత్త ఇంట్లో కొళాయి చూసి సంబరపడిందట కానీ, నాలుగైదు ఇళ్లకి ఒకటే వాకిలి ఉండే పాత బతుకు లేదని చాన్నాళ్లు బెంగపెట్టుకుందట. ఫోన్‌లో అనువాదం వినగానే అత్తయ్య "అపార్ట్‌మెంట్లో అంతే నాయనా" అని తెలుగులోనే ఆయనకి చెప్పింది. ఇక రాత్రి దాకా ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మర్నాడు అల్బెరోబెల్లో అనే ఊరికి వెళ్లాం. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన శంకు ఆకారపు కప్పుల ఇళ్లు. పేర్పు అద్భుతం, కాదనను. కానీ సందు సందుకీ మాగ్నెట్ల దుకాణాలే. బావకి మాత్రం ఈ ఊరే నచ్చింది.