పెళ్లి ఫొటోల్లో చోటు దొరకని రంగు

1953 సెప్టెంబరు 12న అమెరికాలోని న్యూపోర్టులో జాక్వెలిన్ బూవియేకూ, అప్పటికి సెనేటరుగా ఉన్న జాన్ కెనెడీకీ పెళ్లి జరిగినప్పుడు అక్కడి పత్రికలు పెళ్లికూతురి గౌనును వర్ణించి వర్ణించి రాశాయి. దంతపు రంగు సిల్కు టాఫెటా, దాదాపు యాభై గజాల బట్ట, వలయాలు వలయాలుగా కుట్టిన కుచ్చులు, ఇలా ఏ ఒక్క వివరాన్నీ వదలలేదు. ఆ గౌనును తయారుచేసిన మనిషి పేరును మాత్రం దాదాపు అందరూ వదిలేశారు. ఆమె ఆన్ కోల్ లోవ్ అనే నల్లజాతి స్త్రీ. 1898లో అలబామాలో పుట్టారు. తల్లీ, అమ్మమ్మా అక్కడి సంపన్నుల ఇళ్లకు బట్టలు కుట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు. తల్లి హఠాత్తుగా చనిపోయినప్పుడు, గవర్నరు భార్య కోసం సగం కుట్టి ఉన్న గౌన్లను పదహారేళ్ల ఆన్ పూర్తిచేసి ఇచ్చారు. 1917లో న్యూయార్కు డిజైన్ స్కూలులో చేరితే తెల్ల విద్యార్థుల సరసన కూర్చోనివ్వక ఆమెను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు.

కెనెడీల పెళ్లికి దాదాపు పది రోజుల ముందు ఆమె దుకాణంలో నీటి గొట్టం పగిలి, పెళ్లికూతురి గౌనుతో పాటు తోడిపెళ్లికూతుళ్ల గౌన్లలో చాలా భాగం తడిసి పాడైపోయాయి. ఆమె మళ్లీ బట్ట కొని, మనుషుల్ని పెట్టి, రాత్రింబవళ్లు కుట్టించి వేళకు అందజేశారు. వస్తుందనుకున్న 700 డాలర్ల లాభం పోయి 2,200 డాలర్ల నష్టం మిగిలింది. ఈ సంగతి పెళ్లివారికి ఆమె చెప్పనేలేదు.

అమెరికా పెళ్లి మ్యాగజైన్లలో శ్వేతేతర స్త్రీలు ఎందుకు కనిపించరన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ముందుగా ఆన్ గుర్తుకు వస్తారు. ఆ వ్యాపారంలో నల్లని చేతులు లేని కాలమంటూ లేదు. కుట్టిన చేతులున్నాయి, వండిన చేతులున్నాయి, పూలు సర్దిన చేతులున్నాయి. లేనిది ముఖం ఒక్కటే. కాబట్టి దీన్ని ఎవరో పొరపాటున మరచిపోయిన విషయంగా చూడడం నాకు సమ్మతం కాదు. ఒక ముఖం ఫొటో వరకూ రాకుండా ఆగిపోవడానికి దారిలో చాలా గేట్లున్నాయి, ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరు మామూలుగా తమ పని తాము చేసుకుంటూ ఉంటారు.

మొదటి గేటు ప్రకటనలది. 1934లో మొదలై దశాబ్దాల పాటు అమెరికా పెళ్లికూతుళ్లకు చేతిపుస్తకంలా నిలిచిన బ్రైడ్స్ లాంటి పత్రికల్లో సంపాదకులు స్వయంగా ఎంపిక చేసే పేజీలు తక్కువ, గౌన్ల కంపెనీలు డబ్బు కట్టి వేయించుకునే పేజీలు ఎక్కువ. ఆ పేజీల్లో ఎవరు కనిపించాలో కంపెనీ నిర్ణయిస్తుంది. ఇక్కడ న్యూజెర్సీలో మా లైబ్రరీవాళ్లు పాత పుస్తకాల అమ్మకం పెట్టినప్పుడు 90ల నాటి పెళ్లి సంచికలు కొన్ని కొని తెచ్చుకున్నాను. ఒక్కొక్కటీ ఇటుకంత బరువు. వాటిలో నల్లని చర్మం కోసం వెతుకుతూ పోతే అది ఎక్కువగా దొరికింది చివరి పేజీల్లోని హనీమూన్ ప్రకటనల్లో. కరీబియన్ దీవుల రిసార్టులో తెల్ల దంపతులు ఇసుకలో పడుకుని ఉంటే, పానీయాల ట్రే పట్టుకుని నవ్వుతూ నిలబడ్డ మనిషిది నల్లని చర్మం. ముందు పేజీల్లో ఎక్కడైనా ఒక నల్లజాతి అమ్మాయి ఉందంటే పెళ్లికూతురి వెనుక వరసలో, పూలగుత్తి పట్టుకుని ఉంటుంది. 2006లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి పత్రికల ప్రకటనలను పరిశీలించి చెప్పినదీ ఇదే: నల్లజాతి స్త్రీకి దొరికితే తోడిపెళ్లికూతురి స్థానమే తప్ప పీట మీద స్థానం దొరకలేదు.

రెండో గేటు కెమెరాలోనే ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఫిల్ము రోజుల్లో కోడాక్ కంపెనీ ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి ఒక నమూనా కార్డు పంపేది. ఆ కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం సరిగా వచ్చిందంటే ఫొటో సరిగా వచ్చినట్టే లెక్క. చాలా ఏళ్లకు ఆ ఫిల్ము ముదురు రంగుల్ని సరిగా పట్టేలా మారడానికి కారణం కూడా పిల్లల ముఖాలు ఫొటోల్లో సరిగా రావడం లేదన్న నల్లజాతి తల్లుల ఫిర్యాదులు కావు. తమ సరుకుల్లో రంగుల తేడాలు ఫొటోల్లో తెలియడం లేదని చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాను కంపెనీలూ పట్టుబట్టడం వల్ల ఆ మార్పు వచ్చింది. చాక్లెట్ పక్షాన మాట్లాడడానికి డబ్బున్నవాళ్లున్నారు మరి.

పెళ్లి ఫొటోలో ఈ ఇబ్బంది రెట్టింపు అవుతుంది. కెమెరాలోని వెలుతురు కొలిచే మీటరు తన ముందున్న దృశ్యాన్ని మధ్యరకం బూడిద రంగుగా భావించి లెక్క వేస్తుంది. ఎదుట తెల్లని గౌను నిండుగా ఉంటే, వెలుతురు ఎక్కువైందనుకుని మొత్తం ఫొటోను చీకటి చేస్తుంది. తెల్ల పెళ్లికూతురి ముఖం ఆ కోతను తట్టుకుంటుంది, నల్లని పెళ్లికూతురి ముఖంలో కళ్లూ, ముక్కూ, నవ్వూ కలిసిపోతాయి. గౌనుకు తగ్గట్టు కాక ముఖానికి తగ్గట్టు వెలుతురు సరిచేసుకోవడం తెలిసిన ఫొటోగ్రాఫరుకు ఇది కష్టమైన పని కాదు, కానీ నేర్చుకునేటప్పుడు ఎదురుగా అలాంటి ముఖం లేకపోతే ఎవరూ నేర్చుకోరు. గౌను మెడ దగ్గర, భుజాల దగ్గర కనీకనిపించకుండా వేసే పల్చటి నెట్టు కూడా అంతే. అది లేత గోధుమ రంగులోనే వచ్చేది. తెల్ల చర్మం మీద మాయమైపోయే ఆ నెట్టు ముదురు చర్మం మీద అతుకు వేసినట్టు కనిపిస్తుంది. ఇక మేకప్‌లో ముఖానికి మొదట రాసే ఫౌండేషన్ సంగతి చెప్పనక్కరలేదు. 2017లో గాయని రిహానా కంపెనీ ఫెంటీ బ్యూటీ 40 షేడ్లతో బజారులోకి వచ్చేదాకా, అన్ని చర్మాలకూ సరిపడే రంగులు ఒకే వరసలో ఉండాలన్న మాటను పెద్ద కంపెనీలు తొందరపడాల్సిన విషయంగా తీసుకోలేదు.

2010 ప్రాంతంలో ఇదే న్యూజెర్సీ నుంచి జాక్వెలిన్ న్వోబు దంపతులు మునలూచీ అనే పెళ్లి పత్రికను శ్వేతేతర వధువుల కోసం మొదలుపెట్టారు. పెద్ద పత్రికల్లో చోటు ఇమ్మని అడుక్కోవడం కంటే సొంత పీట వేసుకోవడం మేలనుకున్నారు, అది మంచి ఆలోచనే. బ్రైడ్స్ పత్రిక 2019లో యాజమాన్యం మారి, అచ్చు సంచికలు ఆపేసి వెబ్‌సైటుగా మిగిలింది. జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు చంపినందుకు 2020 వేసవిలో రేగిన నిరసనల తరువాత పాత సంస్థలూ హడావిడిగా తమ పేజీల్లో రంగులు పెంచాయి. దక్షిణాసియా పెళ్లికూతురు కూడా అప్పుడప్పుడూ కనిపించసాగింది. అయితే ఆమె ఎప్పుడూ ఒకే అమ్మాయి. ఎర్ర లెహంగా, చేతుల నిండా గాజులు, గుర్రం మీద వచ్చే పెళ్లికొడుకు, అన్నిటికీ మించి పచ్చని పసిమి ఛాయ. బాసికం, అడ్డుతెర, పూలజడ, తలంబ్రాల పళ్లెం ముందు మధుపర్కాల్లో కూర్చున్న చామనఛాయ అమ్మాయి ఆ పేజీల్లో నాకైతే తారసపడలేదు. ఎడిసన్, డల్లాస్ చుట్టుపక్కల ఏటా ఎన్నెన్ని తెలుగు పెళ్లిళ్లు జరుగుతున్నాయో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు.

ఇంతవరకూ పరాయివాళ్లను అన్నాను. మన గేటు దగ్గరకు వస్తే అక్కడ కాపలా ఉన్నది మనమే. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి హైదరాబాదు పంజాగుట్ట దాకా నగల దుకాణాల హోర్డింగుల కింద నడిచి వెళ్లండి. వడ్డాణం మనది, కాసుల పేరు మనది, పాపిడిబిళ్ల మనది, వాటిని పెట్టుకున్న ముఖం మాత్రం ఆ వీధిలో నడిచే పదిమందిలో ఒక్కరికీ చెందనిది. స్వయంవరంలో రాజులందరూ పోటీపడ్డ ద్రౌపదికి కృష్ణ అనే పేరు ఆమె రంగును బట్టే వచ్చిందని హరికథల్లో విన్న జాతి మనది. ఆమె పాత్రకు టీవీలో ఎలాంటి అమ్మాయిని తీసుకుంటారో వేరే చెప్పాలా?

మా పిన్ని కూతురి పెళ్లి విజయవాడలో జరిగింది. కళగల ముఖం, మంచి నలుపు. పెళ్లయిన కొన్ని వారాలకు కరిజ్మా ఆల్బమ్ కోసం ఫొటోలు ఎంపిక చేయడానికి మేమిద్దరం స్టూడియోకు వెళ్లాం. డిజైన్ చేసే కుర్రాడు జీలకర్ర-బెల్లం ఫొటో తెర మీద పెట్టాడు. పెళ్లికూతురి ముఖం పెళ్లికొడుకు ముఖం కంటే నాలుగు ఛాయలు తెల్లగా ఉంది. అతని తల మీద జీలకర్ర-బెల్లం పెట్టిన చెయ్యి మాత్రం మా చెల్లెలిదే, మోచేతి దాకా గోరింటాకు పండిన నల్లని చెయ్యి. ముఖం దగ్గర వేసిన తెలుపు మెడ మీద కాసులపేరు దగ్గరకు వచ్చి ఆగిపోయింది, అక్కడి నుంచి అసలు రంగు మొదలైంది. ఒక మనిషి ముఖాన్ని ఇంకొకరి ఒంటికి అతికించినట్టుంది. "చేతులు కూడా లైట్ చేసేస్తాను మేడమ్, ఇంకా పని అవలేదు" అన్నాడు కుర్రాడు. అలా కాదు, ముఖాన్ని వెనక్కి తెమ్మని చెల్లెలు చెబితే అతను నా వైపు తిరిగి, "అత్తగారివాళ్లు ఏమీ అనుకోరా అక్కా?" అని అడిగాడు. అతనిలో దురుద్దేశం ఏమీ లేదు. రంగు తగ్గిందని ఆల్బమ్ తిప్పి పంపిన కుటుంబాలను చూసినవాడు, రంగు పెరిగిందని తిప్పి పంపినవాళ్లను ఎరగనివాడు.

అసలు ఫొటో తెరిపించి చూస్తే ఆ కుర్రాడు దిద్దింది చివరి మెట్టేనని తెలిసింది. మండపం దగ్గర వీడియో లైట్లు మధుపర్కాల తెలుపు మీద పడి ముఖం ముందే నీడలోకి వెళ్లింది. మేకప్ చేసినామె వాడిన ఫౌండేషన్ ఆమె రంగు కంటే రెండు షేడ్లు లేతది కావడంతో ఆ నీడలో ముఖం బూడిద పూసినట్టు వచ్చింది. దాన్ని కప్పిపుచ్చడానికే కుర్రాడు తెలుపు పెంచాడు. తెల్లని గౌను మీద మీటరు వేసే లెక్కే మన నూలు మధుపర్కం మీదా పనిచేసిందన్నమాట. తరువాత ఆ స్టూడియోవాళ్లు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఆ పెళ్లి మండపం పెట్టారు, పూలజడను వెనుక నుంచి పెట్టారు, నగల్ని దగ్గరగా తీసి పెట్టారు. పెళ్లికూతురి ముఖం పెట్టలేదు. ఆ పేజీ చూసి రేపు ఫొటోగ్రాఫరును కుదుర్చుకునే మరో చామనఛాయ అమ్మాయికి తనలాంటి వధువు ఒకరు అక్కడికి వచ్చి వెళ్లినట్టు తెలియదు.

నియమాలు లేవని అనలేం. రంగు తక్కువైనంత మాత్రాన పెళ్లి కాదన్నట్టు చూపించే ప్రకటనలు కూడదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే చెప్పింది. 1975 నుంచి ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మపు రంగును బట్టి వెతికే సౌకర్యాన్ని ఎత్తివేసింది. ఇవన్నీ నల్లని అమ్మాయిని కించపరచవద్దన్నవే గానీ, ఆమెను చూపించమన్నవి కావు. హోర్డింగు మీద ఆమె లేకపోవడం ఏ నియమానికీ విరుద్ధం కాదు.

"జనం చూడరు" అన్న సాకు మాత్రం నిలవదు. నలుపు కారణంగా అవమానాలు పడ్డ దీపను నాయికగా పెట్టి తీసిన కార్తీక దీపం సీరియల్ కోసం 2017 నుంచి ఏళ్ల తరబడి మన ఇళ్లలో రాత్రి భోజనాల వేళలు మారాయి. మధ్యలో వచ్చే నగల ప్రకటనల్లో పసిమి పెళ్లికూతుళ్లు వచ్చిపోతూనే ఉన్నారు. 2013లో తనిష్క్ సంస్థ గౌరీ షిండే దర్శకత్వంలో ఒక ప్రకటన తీసింది. అందులో ప్రియాంకా బోస్ చామనఛాయ పెళ్లికూతురిగా, పైగా చిన్న కూతురున్న తల్లిగా రెండో పెళ్లి చేసుకుంటుంది. దేశమంతా దాన్ని మెచ్చుకుంది. అందరూ రెండో పెళ్లి గురించే మాట్లాడారు గానీ, నన్ను ఆకట్టుకున్నది ఆమె ముఖాన్ని ఎవరూ తెల్లబరచకపోవడం. ఆ బాటలో మన ప్రాంతపు దుకాణాలు ఎన్ని నడిచాయో హోర్డింగులే చెబుతాయి.

ఇప్పుడు బంధువుల్లో ఎవరింట పెళ్లి కుదిరినా ఫొటోగ్రాఫరు గురించి నన్నూ, చెల్లెలినీ అడుగుతున్నారు. నమూనా ఆల్బమ్ చూసి మోసపోవద్దనీ, నల్లని పెళ్లికూతురి పెళ్లి ఒకటి మొదటి నుంచి చివరి దాకా, దిద్దని ఫొటోలతో సహా చూపించమని అడగండనీ చెబుతున్నాం. మేకప్ చేసేవాళ్లనైతే ముందురోజే, పగటి వెలుతురులో, దవడ దగ్గర షేడ్ రాసి చూపించమంటున్నాం. ఆల్బమ్ ఆర్డరు కాగితం మీద చర్మపు రంగు మార్చకూడదన్న ముక్క రాయిస్తున్నాం. చాలామంది స్టూడియోవాళ్లు అలాంటి పెళ్లి ఫొటోలు తమ దగ్గర లేవంటున్నారు. గుంటూరులో ఒకాయన మాత్రం లోపలికి వెళ్లి, పేజీలో ఎప్పుడూ పెట్టని హార్డ్ డిస్కు ఒకటి తెచ్చి చూపించాడట. మా మేనమామ కూతురి పెళ్లికి ఆయనకే అడ్వాన్సు ఇచ్చారు, ఫొటోలు ఆయన పేజీలో పెట్టాలన్న షరతుతో.