నా మెనూలోని నాలుగు లింకులు

నేను రాసిన మొదటి వెబ్‌సైటులో ఉన్నవి నాలుగే పేజీలు. ప్రతి పేజీ పైన ఒక మెనూ, అందులో నాలుగు లింకులు: హోమ్, నా గురించి, ఫొటోలు, సంప్రదించండి. ఫైలు మీద నొక్కి తెరిస్తే ఏ పేజీకాపేజీ చక్కగా కనిపించేది. మెనూ నుంచి వెళ్లబోతే మాత్రం ఏదో ఒక లింకు తప్పేది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. ఆ పేరులో మొదటి రెండు అక్షరాలు హైపర్‌టెక్స్ట్‌కు, అంటే లింకులున్న రాతకు గుర్తు. పత్రం నుంచి పత్రానికి దారి వేయడానికే సెర్న్ ప్రయోగశాలలో టిమ్ బెర్నర్స్-లీ ఈ భాషకు రూపమిచ్చారు. రంగులూ హంగులూ ఆ తర్వాత వచ్చి చేరినవే. అందుకే లింకులు పనిచేయని సైటును పూర్తయిందనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మొదటిరోజు కోడ్‌నే చూస్తూ గడిపాను. లింకు ఎక్కడికి వెళ్లాలో చెప్పే హెచ్‌రెఫ్ ఉంది, ఆ చిరునామా చుట్టూ కోట్ గుర్తులు ఉన్నాయి, ముగింపు ట్యాగ్ ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు తోచింది. మర్నాడు ఇంకో పని చేశాను. ఫైలు దొరకలేదన్న సందేశం రాగానే వెనక్కి వెళ్లకుండా, పైన చిరునామా పట్టీలో ఉన్నదాన్ని అక్షరం అక్షరం చదివాను. బ్రౌజర్ ఎక్కడికి వెళ్లి తిరిగొచ్చిందో అక్కడ పూర్తిగా రాసి ఉంటుంది. ఆ వరుసను నేను అంతకుముందు ఒక్కసారీ చదవలేదు.

‘నా గురించి’ లింకు చిరునామాను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాను. ఫైలు పేరుకు ముందు శాతం గుర్తు, ఈ2, మళ్లీ శాతం గుర్తు, 80, మరో శాతం గుర్తు, 9సీ. పేరు చివర కూడా అలాంటి వరుసే. ఇవి నేను రాసినవి కావు. వెతికితే తెలిసింది: అక్షరాలను కంప్యూటర్ సంఖ్యలుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఎడమవైపు వంకర కోట్ గుర్తుకు పట్టే మూడు బైట్లు అవి. ఆ ఒక్క లింకునూ నేను ఉత్తరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్కడినుంచి తెచ్చి అతికించాను. అది నిలువు కోట్లను అందమైన వంకర కోట్లుగా మార్చేసింది. హెచ్‌టీఎంఎల్ దృష్టిలో నిలువు కోట్లే కోట్లు. వంకరవి మామూలు అక్షరాలు కాబట్టి, బ్రౌజర్ వాటిని ఫైలు పేరులో కలిపేసుకుని అలాంటి ఫైలు కోసం వెతికింది. రెండు గుర్తులు చెరిపి నిలువు కోట్లు పెట్టగానే పేజీ తెరుచుకుంది. ఆనాటి నుంచి కోడ్ రాసే ఎడిటర్‌లో తప్ప ఇంకెక్కడా ఒక్క ట్యాగ్ కూడా రాయలేదు.

తర్వాతి చిక్కు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. హోమ్ పేజీ నుంచి ఫొటోల పేజీ తెరుచుకుంటుంది, ‘నా గురించి’ పేజీ నుంచి తెరుచుకోదు. మెనూ రెండింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. చిరునామా చూస్తే ‘పేజెస్’ అన్న ఫోల్డరు పేరు రెండుసార్లు ఉంది, ఒకదాని పక్కన ఒకటి. హోమ్ ఫైలు బయట ఉంది, మిగతా మూడూ ‘పేజెస్’ ఫోల్డరు లోపల ఉన్నాయి. లింకులో ‘పేజెస్ ఫోల్డరులోకి వెళ్లి ఫొటోల ఫైలు తెరువు’ అని ఉంది. ఆ దారిని బ్రౌజర్ మనం ఇప్పుడున్న పేజీ నుంచే లెక్కపెడుతుంది. ఎడమవైపు రెండో తలుపు అని చెబితే, నిలబడ్డ చోటు మారినప్పుడు తలుపూ మారుతుంది కదా! లోపలి పేజీలో నిలబడి అదే మాట చెబితే, పేజెస్ లోపల ఇంకో పేజెస్ కోసం వెతుకుతుంది.

ముందుగా తోచిన ఉపాయం, దారి మొదట్లో ఏటవాలు గీత (/) పెట్టడం. సర్వర్‌లో దానికి ‘సైటు మొదలు నుంచి’ అని అర్థం. నా కంప్యూటర్‌లో ఫైలును నేరుగా తెరిచి చూస్తున్నాను కాబట్టి అది డ్రైవు మొదటికే వెళ్లిపోయింది. చివరికి లోపలి మూడు పేజీల్లో, పక్కపక్కన ఉన్న ఫైళ్లకు ఒట్టి పేరే రాసి, హోమ్‌కు మాత్రం ముందు ‘../’ చేర్చాను. ఆ రెండు చుక్కలకు ‘ఒక ఫోల్డరు పైకి’ అని అర్థం. నాలుగు పేజీల సైటుకు అసలు ఫోల్డరే అక్కర్లేదని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇక సర్వర్‌లో పెట్టాక ఫొటోల లింకు మళ్లీ పోయింది. ఈసారి 404, అంటే అడిగిన పేజీ లేదని సర్వర్ ఇచ్చే జవాబు. నా కంప్యూటర్‌లో పనిచేసినది అక్కడ ఎందుకు పనిచేయదు? ఫైలు పేరు ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్) అక్షరంతో మొదలవుతోంది, లింకులో చిన్నబడి అక్షరం రాశాను. విండోస్ మామూలుగా రెండింటినీ ఒకటిగానే చూస్తుంది, లైనక్స్ సర్వర్ వేరువేరుగా చూస్తుంది. మన లిపిలో ఆ తేడా లేదు, కన్ను దాన్ని పట్టుకోవడానికి అలవాటు పడాలి. ఫైళ్ల పేర్లన్నీ చిన్నబడికి మార్చి, ఖాళీలున్న చోట అడ్డగీత పెట్టాను. మార్చాక కూడా పాత పేజీయే కనిపిస్తుంటే, బ్రౌజర్ దాచుకున్న నకలు వదిలి పేజీని కొత్తగా తెచ్చుకునేలా కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కాను.

మిగిలింది ‘సంప్రదించండి’. హోమ్ పేజీలో దాన్ని నొక్కితే ఏమీ జరగదు. చిరునామా మారదు, సందేశం రాదు. కాబట్టి చదవడానికేమీ లేదు. అప్పుడు మౌస్ గుర్తును గమనించాను. మిగతా మూడు లింకుల మీదికి వెళ్తే చేతి గుర్తుగా మారుతోంది, దీని మీద బాణంగానే ఉండిపోతోంది. అంటే నొక్కు లింకుదాకా చేరడంలేదు. కుడి బటన్ నొక్కి, అక్కడున్నదాని కోడ్ చూపించే ‘ఇన్‌స్పెక్ట్’ ఎంచుకుంటే, లింకుకు బదులు పైన బొమ్మ మీద శీర్షిక కోసం నేను పెట్టిన పెట్టె ఎంపికైంది. దానికి పొజిషన్ యాబ్సల్యూట్ (మిగతావాటితో సంబంధం లేకుండా వాటి మీద నిలబెట్టే అమరిక) ఇచ్చి, వెడల్పు అవసరానికి మించి పెట్టాను. రంగులేని ఆ పెట్టె కుడి అంచు మెనూలోని చివరి లింకును అద్దంలా కప్పేసింది. ఏది ఎవరి పైన ఉండాలో చెప్పే జెడ్-ఇండెక్స్ పెంచి మెనూను పైకి తేవచ్చు, కానీ పెట్టె అక్కడే ఉండిపోతుంది, రేపు ఇంకోదాన్ని కప్పుతుంది. అందుకని వెడల్పే తగ్గించాను.

అప్పటివరకూ ఏది సరిచేసినా హోమ్ పేజీ నుంచి మాత్రమే నొక్కి చూసి సరిపెట్టుకునేవాడిని. ఆ రాత్రి ఒక కాగితం మీద గళ్లు గీసి, ప్రతి పేజీలో నిలబడి ప్రతి లింకునూ నొక్కి, తెరుచుకున్నదానికి టిక్కు పెట్టాను. 16 గళ్లు, 16 టిక్కులు.