బెల్టు వేశాక రక్తపటలం ఎందుకు ఉబ్బింది: నా అనుభవం

నిన్న మూడో ఓసీటీ స్కాన్ (కంటి లోపలి పొరలను చూపి, వాటి మందం కొలిచే స్కాన్) చేయించుకుని వచ్చాను. కుడికన్నులో రక్తపటలం, అంటే చూపునిచ్చే రెటీనా పొరకు వెనకున్న రక్తనాళాల పొర, మందం 207 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఊడిన రెటీనాకు బెల్టు వేసిన ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున అది 258. ఆ అంకె పెట్టిన భయం ఇప్పుడే వదిలింది కాబట్టి రాస్తున్నాను.

నాకు పదో తరగతి నుంచీ మైనస్ ఎనిమిది అద్దాలు. సంక్రాంతి సెలవుల్లో కుడికంటి మూలన మెరుపులు కనిపించాయి. మూడో రోజుకు కింది నుంచి నల్లటి తెర లేచింది. అన్నయ్య ఆ రాత్రే హైదరాబాద్ తీసుకొచ్చాడు. రెటీనాకు చిల్లు పడి పైభాగం ఊడిందని, నడిమి భాగం ఇంకా అంటుకునే ఉందని చెప్పి మర్నాడే కనుగుడ్డు చుట్టూ, దాని గోడను లోపలికి నొక్కేలా, సిలికాన్ బెల్టు వేశారు. నొప్పి ఓర్చుకోగలిగిందే. మెరుపులు కనిపిస్తే ఆ రోజే వెళ్లండి, పండగని ఆగకండి.

నన్ను కుంగదీసింది ఆ తర్వాతి స్కాన్. రిపోర్టులో ఎడమకన్ను 184, కుడికన్ను 258 అని ఉంది. ఇంత తేడా ఎందుకని కౌంటరులో అడిగాను. "మామూలుగా అందరికీ 250 పైనే ఉంటుంది, మీది బాగానే ఉంది" అన్నాడతను. మరి నా రెండో కన్ను 184 కదా అన్నాను. "కన్ను కనిపిస్తోంది కదమ్మా, ఇంకేం కావాలి? నాలుగు ముక్కలు చదివినవాళ్లతోనే మాకు తంటా" అని వరుసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా అన్నాడు. పదిహేనేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కట్టు కట్టిన కన్నుతో అంతమంది ముందు తల వంచుకుని నిలబడ్డాను. డాక్టరు గారు ఊళ్లో లేరు. రెటీనా మళ్లీ ఊడుతోందేమోనని వారం రోజులు నిద్ర లేదు.

నా ప్రశ్న సరైనదే. డాక్టరు గారే ఆ మాట అన్నారు. మైనస్ అద్దాలు ఎక్కువగా ఉన్న కళ్లలో రక్తపటలం పలచగా ఉంటుందట. అందుకే నా కన్నును లోకంతో కాదు, నా రెండో కన్నుతోనే పోల్చాలి. బెల్టు బయటి నుంచి నొక్కేసరికి రక్తపటలంలోని రక్తం బయటకు పోయే సిరలు ఇరుకవుతాయి. కాలువకు అడ్డం పడితే ఎగువన నీళ్లు నిలిచినట్టు ఆ పొర ఉబ్బుతుంది. వారాలు గడిచేకొద్దీ తగ్గుతుంది. రెటీనా అంటుకోవడానికి కంట్లో గ్యాసో నూనో నింపినవాళ్ల లెక్క వేరు, వాళ్లు నా అంకెలు చూసి బెంగపడకూడదు.

ఇంకొకటి. ఈ మందం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ప్రతిసారీ ఒకే వేళకు స్కాన్ చేయించుకోండి. రెండు కళ్ల కాగితాలూ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే ఇచ్చేదాకా అక్కడే కూర్చోండి, కౌంటరు వాళ్ల విసుగుకు జడవకండి.

నిన్న స్కాన్ తీసిన అమ్మాయి అడగకుండానే తెర నా వైపు తిప్పింది. తెల్లటి గీత కింద బూడిదరంగు పట్టీ, అందులో నల్లటి గుంటలు. "ఈ గుంటలే రక్తనాళాలు మేడమ్" అంటూ మొదటి స్కాన్ కూడా పక్కనే పెట్టింది. అప్పటి గుంటలు ద్రాక్షపళ్లలా ఉబ్బి ఉన్నాయి. నిన్నటివి మినప్పప్పంత.