గిద్దె నుంచి పుట్టి దాకా: డీఎస్సీలో నన్ను గట్టెక్కించిన లెక్క

డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష, ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), నల్గొండ జిల్లా. లిస్టులో నా నంబరు కనిపించగానే ఇంట్లో అందరం ఏడ్చేశాం. ఏ పుస్తకాలు చదివావక్కా అని చాలామంది అడుగుతున్నారు. బడి పుస్తకాలు, పాత పేపర్లు. మీ దగ్గర ఉన్నవే. నేను చెప్పాలనుకున్నది ఒక్క చాప్టర్ గురించి: ఘనపరిమాణం.

2017 టీఆర్టీలో (అప్పట్లో టీచర్ పోస్టుల పరీక్ష పేరు అది) ఒక్క మార్కు తేడాతో పోస్టు పోయింది. యూనిట్లు మార్చే లెక్కలంటే అప్పట్లో నాకు టెన్షన్. మీటరుకు వంద సెంటీమీటర్లు కదా అని ఘనపు మీటరుకు కూడా వందతోనే గుణించేదాన్ని. పొడవుకు వంద, వెడల్పుకు వంద, ఎత్తుకు వంద, మొత్తం పది లక్షలు అని తట్టేది కాదు. పట్టికలు నోటికి వచ్చేవి. ఎప్పుడు గుణించాలో, ఎప్పుడు భాగించాలో మాత్రం తెలిసేది కాదు.

అది నేర్పింది దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉండే నాయినమ్మ. ఒకరోజు వాకిట్లో కందులు కొలుస్తోంది. చేతిలో అంచు సొట్టపోయిన ఇత్తడి సోల, గింజలు కొలిచే పాతకాలపు కొలపాత్ర. నిండా ముంచి, అరచేత్తో పైన రాసి సమం చేసి, గంపలో పోస్తూ "లాభం, రెండు, మూడు" అని లెక్కపెడుతోంది. ఏడు అనదు, "ఆరున్నొకటి" అంటుంది. ప్రతి నాలుగు సోలలకూ ఒక కందిగింజ పక్కన పెట్టింది. అది మానిక. నాలుగు గింజలు కాగానే వాటిని తీసేసి ఒక చింతగింజ పెట్టింది. అది కుంచం.

"ఇన్ని గింజలు ఒక్కటైనయి చూడు బిడ్డా" అంది. నాకు అక్కడ వెలిగింది. చిన్న కొలతలు కలిసి పెద్దదైతే సంఖ్య తగ్గుతుంది, భాగించాలి. పెద్దదాన్ని విప్పితే సంఖ్య పెరుగుతుంది, గుణించాలి.

ఆ రాత్రే ఆ పాత కొలతల గొలుసు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా రాసుకున్నాను. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 5,120 గిద్దెలు. తర్వాత నాకు నేనే లెక్కలు ఇచ్చుకున్నాను. వెయ్యి సోలలు ఎంత? తూముకు 64 సోలలు కాబట్టి 15 తూములు పోగా 40 మిగిలాయి. అందులో 2 కుంచాలు, ఇంకా మిగిలిన 8 సోలలు 2 మానికలు. ఇలా నెల రోజులు చేశాక లీటర్లు, ఘనపు మీటర్లు భయపెట్టలేదు. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగుల దగ్గర 312 టీఎంసీలు అని పేపర్లో చదివితే, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్లు అని చేయి దానంతటదే లెక్క వేసేది.

మెథడాలజీకి (బోధనా పద్ధతుల పేపరుకు) కూడా ఇదే పనికొచ్చింది. మానిక ఊరూరికీ మారేది, అందుకే అది అప్రామాణిక కొలత. 1956 తూనికలు కొలతల చట్టం ఎందుకు అవసరమైందో బట్టీ పట్టకుండానే రాయగలిగాను.

మిగతా సబ్జెక్టులు అందరిలాగే చదివాను. కానీ ఒక మాట అనాలి. 2017 తర్వాత తెలంగాణలో టీచర్ పోస్టులకు మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది 2023లో. అదీ రద్దై, 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో కొత్తది వచ్చింది. ఆ ఏళ్లన్నీ ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తూ, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివాను. ఖాళీగా ఉందని అన్నవాళ్లకు ఆ తెల్లవారుజాముల సంగతి తెలియదు. మీరు కూడా రోజూ లేవండి, జ్వరమొచ్చినా ఒక్క లెక్కైనా చేయండి.

ఇప్పుడు ఒక లెక్క ఇస్తున్నాను, కాగితం తీసుకోండి. రెండు పుట్లు, ఒక ఏదుము, మూడు మానికలు. ఏదుము అంటే ఐదు తూములు. మొత్తం ఎన్ని మానికలు? 723 రావాలి. రాకపోతే తూముకు ఎన్ని మానికలో మళ్లీ చూసుకోండి.