అమ్మ మండపం, 560 కిలోమీటర్లు, ఒక ట్రాలీ

హైదరాబాద్‌లో అక్క కొత్తిల్లు కట్టుకుంది. పూజగదిలోకి మండపాన్ని అమ్మ తన పెన్షన్ డబ్బులతో తిరుపతి దగ్గరి మాధవమాలలో టేకుతో చేయించింది. పార్సిల్ లారీలో వేస్తే తీగచెక్కడం విరిగిపోతుందని అమ్మ భయం. నాకూ అదే భయం. అందుకే మా స్కార్పియో వెనక ట్రాలీ కట్టి నేనే తీసుకెళ్తానన్నాను.

ట్రాలీ ఒక స్నేహితుడిది. పెళ్లిళ్లకు వంటపాత్రలు మోసేది, రెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాలు, నంబర్ ప్లేటు సరిగ్గా ఉన్నాయి. టైర్లు చూడ్డానికి కొత్తవే, అరుగుదల లేదు. కానీ పక్కన గుండ్రటి గడిలో 2316 అని ఉంది. అంటే 2016లో 23వ వారంలో తయారైనవి. టైర్ల పక్కగోడల్లో సన్నటి పగుళ్లు కూడా కనిపించాయి. రాయలసీమ ఎండలో తారురోడ్డు మీద ఆ టైర్లను నమ్మలేక రెండూ మార్చేశాను, స్టెప్నీతో సహా.

చక్రం విప్పి బేరింగులు చూస్తే గ్రీజు ఎండిన బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, అరచేతిలో కొత్త గ్రీజు ముద్ద పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అటువైపు బయటికి వచ్చేదాకా ఒత్తాను. ఒక్కో బేరింగుకు పావుగంట పట్టింది. ఈ పని మాత్రం ఇంకొకరికి వదలబుద్ధి కాలేదు.

కారుకు ట్రాలీ తగిలించే హుక్కు, ట్రాలీ లైట్ల వైరింగు బయట చేయించాను. ఇంటికొచ్చి చీకట్లో చూస్తే ఇండికేటర్ వెలిగినప్పుడల్లా బ్రేక్ లైటు మసకబారుతోంది. ఎర్త్‌కు వేరే వైరు వేయకుండా, ట్రాలీ మూతి కూర్చునే హుక్కు బాల్ మీదే వదిలేశారు. గ్రీజు పూసిన ఇనుమును నమ్ముకుంటే ఎర్త్ నిలవదు. వేరే వైరు లాగి నేరుగా కారు ఛాసిస్‌కు బిగించాక సరిపోయింది.

మండపాన్ని విడి భాగాలుగా ఎక్కించి, ఒకరోజు తెల్లవారుజామున భాకరాపేట ఘాట్ దాకా ట్రయల్‌కు వెళ్లాను. ఎక్కేటప్పుడు బండి ఏమాత్రం ఇబ్బంది పెట్టలేదు. ఎక్కిన గేరులోనే దిగాను, బ్రేకులు వేడెక్కలేదు. తిరిగొస్తూ ఘాట్ దిగాక రంగంపేట దగ్గర నేరుగా ఉన్న రోడ్డులో 70 దాటానో లేదో, వెనక ట్రాలీ తోక జాడించడం మొదలుపెట్టింది. అద్దంలో ఒకసారి కుడిచక్రం, ఒకసారి ఎడమచక్రం కనిపిస్తున్నాయి. స్టీరింగ్‌లో ఆ ఊపు చేతులకు తెలుస్తోంది. బ్రేక్ తొక్కలేదు, స్టీరింగ్ తిప్పలేదు, యాక్సిలరేటర్ మీంచి కాలు మాత్రం తీశాను. వేగం 50కి పడ్డాక ఆగింది. ఆ కొద్ది సెకన్ల టెన్షన్ ఇంటికొచ్చేదాకా పోలేదు.

అమ్మ పాకాల దగ్గర రైతుల ఇంట్లో పుట్టింది. నేను చెప్పింది విని ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి, "కాడి లేస్తా ఉంది నాయనా. ఎద్దులబండికైనా అంతే, వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ పట్టేస్తుంది. బరువు ముందుకు జరుపు" అంది.

బియ్యం కొట్టు నుంచి కాటా అడిగి తెచ్చాను. చదునైన నేల మీద, కారుకు తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో, దిమ్మె పెట్టి ట్రాలీ మూతిని దానిమీద ఆనించాను. 25 కిలోలు చూపించింది. వేబ్రిడ్జిలో మొత్తం బరువు 620 వచ్చింది. మూతి మీద మొత్తం బరువులో కనీసం పదో వంతు, అంటే 62 కిలోలు పడాలి. పదిహేను శాతం దాటకూడదు. తప్పు నాదే. దించడం సులువని 250 కిలోల పీఠాన్ని వెనక తలుపు దగ్గర పెట్టాను. నలుగురం కలిసి దాన్ని ఒక్క అడుగు ముందుకు జరిపాం. కాటా 67 చూపించింది! అడుగు జరిపితే ఇంత తేడా వస్తుందని నేను అనుకోలేదు. మర్నాడు అదే రోడ్డులో అదే వేగంతో వెళ్లాను, ట్రాలీ కదల్లేదు. అయినా ప్రయాణమంతా 60 దాటకూడదని నిర్ణయించుకున్నాను.

సేఫ్టీ గొలుసులు రెండూ ట్రాలీ మూతి కింద అడ్డంగా, ఒకదాన్నొకటి దాటేలా తగిలించాను. హుక్కు ఊడినా మూతి రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. మాధవమాల బిల్లు, టేకు కొన్న రసీదు ముందు డాష్‌బోర్డులోనే పెట్టుకున్నాను. మామండూరు, బాలపల్లి అడవిదారిలో చెక్క తీసుకెళ్తుంటే ఎర్రచందనమేమోనని ఆపి చూడటం సహజం. టార్పాలిన్ విప్పి చూపించే ఓపిక కూడా మనకు ఉండాలి.

తెల్లవారి నాలుగింటికి బయల్దేరి కోడూరు దగ్గర మొదటిసారి ఆపాను. స్పానర్ పెడితే ఎడమచక్రం నట్టు ఒకటి పావు చుట్టు తిరిగింది. విప్పి బిగించిన చక్రానికి ఈ పరీక్ష తప్పనిసరి. హబ్బుల మీద చేతివెనక ఆనించి చూస్తే రెండూ గోరువెచ్చగానే ఉన్నాయి. కడప, మైదుకూరు, ఆళ్లగడ్డ ఆగిన చోటల్లా అదే చేశాను. రాత్రికి నంద్యాలలో పడుకుని మర్నాడు మధ్యాహ్నానికి అక్క గుమ్మం ముందు ఉన్నాను.

టార్పాలిన్ విప్పగానే అక్క ముందు తీగచెక్కడం మీద వేళ్లు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తడిమింది. ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు. వెంటనే అమ్మకు వీడియో కాల్ చేసి చూపించింది.